వెబ్ చిరునామాను వెనుక నుంచి చదివించే తరగతి: అమలాపురంలోని ఒక నెట్ సెంటర్ సమీక్ష

అమలాపురం గడియారస్తంభం సెంటరుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, కింది అంతస్తులో జిరాక్సు, పై అంతస్తులో కంప్యూటర్లుగా సాగుతున్న ఒక నెట్ సెంటరువారు కొంతకాలంగా సాయంత్రం పూట పెద్దవాళ్ల కోసం ఒక చిన్న తరగతి నడుపుతున్నారు. ఫోనుకు వచ్చిన లింకును తెరవకముందే దానిని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఏం చెబుతుందో చదవడం నేర్పడమే అందులోని పాఠమంతా. టైపింగు, ఎక్సెల్ వంటి వాటి జోలికి వారు వెళ్లరు. మూడు సాయంత్రాలకు కలిపి మనిషికి 300 రూపాయలు తీసుకుంటారు, భార్యాభర్తలు కలిసి వస్తే 500. వచ్చేవారిలో కొబ్బరి వర్తకులు, రొయ్యల చెరువుల రైతులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు ఎక్కువ. సెంటరు ఏదని వెతకనక్కరలేదు, మెట్ల మొదట్లో ఒక పెద్ద ఏటవాలు గీత గీసిన అట్ట వేలాడుతూ ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మొదటి సాయంత్రం పాఠానికే ఆ డబ్బు చెల్లుతుంది, రెండోది ఫరవాలేదు, మూడో సాయంత్రం మాత్రం సరిదిద్దవలసినవి చాలా ఉన్నాయి.

ఈ సమీక్షలో చిరునామాలను పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, ఫోనులో అవి ఇంగ్లిషు అక్షరాలతో కనిపిస్తాయన్నది చదివేవారు గుర్తుంచుకుంటే చాలు.

వెబ్ చిరునామా గురించి రాసే పుస్తకాలన్నీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి, హెచ్‌టీటీపీ అంటే ఏమిటో విస్తరించి చెప్పి, అక్కడే సగం మందిని పోగొట్టుకుంటాయి. ఇక్కడ పాఠం చెప్పే అమ్మాయి అలా చేయలేదు. మొదటి సాయంత్రం తెర మీద ఒక పొడవాటి లింకును పెట్టి, మొదట్లో కనిపించే రెండు ఏటవాలు గీతలను దాటించి, ఆ తరువాత వచ్చే మొట్టమొదటి ఒంటి గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపమంది. ఆ ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమ వైపుకు, అంటే వెనక్కి, చుక్క చుక్కకూ ఆగుతూ చదవమంది. ఆ రెండు హద్దుల మధ్య ఉన్నదే సైటు పేరు, ఆ పేజీ ఎవరిదో చెప్పేది అదొక్కటే, మిగిలినదంతా ఆ పేరుగలవాడు తనకు నచ్చినట్టు రాసుకోగల రాత అని ఆమె చెప్పిన మాటను తరగతిలో ఎవరూ మరచిపోయి ఉండరు.

వెనుక నుంచి ఎందుకు చదవాలో వివరించడానికి ఆమె ఎంచుకున్నది తపాలా కవరు. అంతర్వేదికి ఉత్తరం రాసేవారు ఇంటి పేరు, వీధి, ఊరు, సఖినేటిపల్లి మండలం, కోనసీమ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని చిన్నదాని నుంచి పెద్దదానికి రాసుకుంటూ పోతారు, కాని రాజమండ్రిలో సంచులు విడదీసేవారు దానిని కింది నుంచి పైకే చదువుతారు. సైటు పేరు కూడా అదే వరుసలో ఉంటుంది. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డొమైన్ నేమ్ సిస్టమ్ ఈ వరుస మీదనే ఆధారపడి నడుస్తుంది. మన ఫోను తరఫున అడిగే యంత్రం చివరి ముక్క ఎవరి అధీనంలో ఉందో ముందు కనుక్కొని, వారిని దాని ముందరి ముక్క గురించి అడిగి, అలా ఎడమ వైపుకు జరుగుతూ చివరకు ఆ సైటున్న కంప్యూటరు అంకెల చిరునామాను తెచ్చుకుంటుంది. కాబట్టి కుడి చివర ఉన్న ముక్కకు ఉన్న అధికారం ఎడమ చివర ఉన్నదానికి ఉండదు.

దీనికి ఆమె చూపిన ఉదాహరణలు మన వాడకంలో ఉన్నవే కావడం నాకు బాగా నచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 2024 జనవరిలో తమ వెబ్‌సైటును టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్ అనే పేరుకు మార్చారు. దీనిని వెనుక నుంచి చదివితే ఇన్ అంటే భారతదేశానికి 1989లో కేటాయించిన ముక్క, గవ్ అంటే ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇచ్చేది, ఏపీ అంటే మన రాష్ట్రం, ఆ తరువాతే దేవస్థానం పేరు వస్తుంది. అడంగల్, 1బి చూసుకునే మీభూమి సైటు కూడా మీభూమి.ఏపీ.గవ్.ఇన్ అనే ఉంటుంది, అందులో మారినది ఎడమ చివర ముక్క ఒక్కటే. ఇప్పుడు ఎవరైనా ఏపీ, గవ్, ఇన్ అనే మూడింటి మధ్య చుక్కలకు బదులు చిన్న అడ్డగీతలు పెట్టి, చివర డాట్ కామ్ తగిలించి ఒక పేరు కొనుక్కున్నారనుకుందాం. చూపుకు అది ప్రభుత్వ చిరునామాలాగే ఉంటుంది, కాని అడ్డగీత ఎన్ని ఉన్నా అదంతా కలిపి ఒకటే ముక్క, దానికి వెనుక ఉన్నది కామ్. డాట్ కామ్ పేరును ఖాళీగా ఉన్నంతవరకు ఎవరైనా, ఎక్కడినుంచైనా కొనుక్కోవచ్చు. చుక్క ముక్కలను విడదీస్తుంది, అడ్డగీత విడదీయదు అన్న ఈ ఒక్క తేడాను ఆమె పదేపదే తిప్పి తిప్పి చూపించింది. విసుగు అనిపించినా అలా చూపించవలసిందే.

రెండో రకం మాయ ఇంకాస్త తెలివైనది. అసలు సైటు పేరునంతా చుక్కలతో సహా ఎడమ చివర పెట్టి, దాని తరువాత మరో పేరును చేర్చడం ఇందులోని పద్ధతి. ఉదాహరణకు మీభూమి.ఏపీ.గవ్.ఇన్.ఎగ్జాంపుల్.కామ్ అని ఉంటే, ఎడమ నుంచి చదివేవాడికి మీభూమి కనిపిస్తుంది, వెనుక నుంచి చదివేవాడికి ఎగ్జాంపుల్.కామ్ కనిపిస్తుంది. డొమైను, అంటే ఇలాంటి సైటు పేరు, కొనుక్కున్నవాడు దాని ఎడమ వైపున ఎవరి అనుమతీ లేకుండా ఎన్ని ముక్కలైనా, ఏ పేర్లతోనైనా చేర్చుకోవచ్చు. ఫోను తెర చిన్నది కాబట్టి పొడవాటి పేరులో కుడి చివర తెర దాటి పోయి, మోసగాడు చూపించదలచిన భాగమే కంటికి మిగిలే అవకాశమూ ఉంది. ఇక్కడ ఆ అమ్మాయి జాగ్రత్తను మెచ్చుకోవాలి: దొంగ సైట్లకు ఉదాహరణగా ఆమె ఎక్కడా నిజంగా ఎవరికైనా చెందగల పేరును వాడలేదు, 1999 నుంచి ఉదాహరణల కోసమే పక్కన పెట్టి ఉంచిన, ఎవరూ కొనలేని ఎగ్జాంపుల్.కామ్ అనే పేరునే ప్రతిసారీ వాడింది. ఇటువంటి పాఠాలు చెప్పేవారిలో ఈ శ్రద్ధ అరుదు.

బ్యాంకుల విషయానికి వచ్చేసరికి తరగతి మొత్తం నిటారుగా కూర్చుంది. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం బ్యాంకులన్నీ అదే సంవత్సరం అక్టోబరు 31 నాటికి తమ నెట్ బ్యాంకింగు సైట్లను బ్యాంక్.ఇన్ అనే ముగింపు కిందికి మార్చుకోవలసి వచ్చింది. ఆ ముగింపుతో పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థకు మాత్రమే ఉంది, బ్యాంకు కానివారికి అది పేరు ఇవ్వదు. అందువల్ల వెనుక నుంచి చదివినప్పుడు మొదట ఇన్, తరువాత బ్యాంక్, ఆ తరువాత చుక్కతో విడిగా తమ బ్యాంకు పేరు వస్తుందా అని చూసుకోవడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమైన పని. కో.ఇన్, గవ్.ఇన్, బ్యాంక్.ఇన్ వంటి జంట ముగింపులు ఉన్నచోట యజమాని పేరు తెలియాలంటే మూడో ముక్క దాకా వెనక్కి వెళ్లాలని, కామ్, ఆర్గ్ వంటి ఒంటి ముగింపులు ఉన్నచోట రెండో ముక్క దగ్గరే ఆగవచ్చని ఆమె చెప్పింది. నిజానికి ఇది చాలామంది కంప్యూటరు చదివినవారికే స్పష్టంగా తెలియని సంగతి.

నరసాపురం నుంచి వచ్చిన, లేసు అల్లికలు అమ్ముకునే ఒక ఆవిడ అడిగిన ప్రశ్న వల్ల పాఠం ఇంకో మెట్టు ఎక్కింది. ఒక పెద్ద అమ్మకాల సైటులో తన దుకాణానికి ఇచ్చిన లింకులో తన పేరు ఉంది కదా, ఆ చిరునామా తనదేనా అని ఆవిడ అడిగారు. పేరు ఒంటి గీతకు కుడి వైపున ఉంటే ఆ చోటు సైటువారిదేనని, వారు ఎప్పుడైనా దానిని మార్చవచ్చు, తీసివేయవచ్చునని, ఎడమ వైపున సొంత పేరు కావాలంటే డొమైను తీసుకొని గడువు తీరేలోగా మళ్లీ రుసుము కడుతూ ఉండాలని జవాబు వచ్చింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఆన్‌లైన్ అమ్మకాల మీద ఆశ పెట్టుకున్నవారు ఆ వైపు చాలామంది ఉన్నారు, వారికి ఈ ఒక్క సమాధానం కోసమే ఈ తరగతిని సూచించవచ్చు.

తెలుగు అక్షరాలతోనే సైటు పేరు ఉండవచ్చా అన్న ప్రశ్నకు కూడా ఆమె దగ్గర మంచి జవాబు ఉంది. చుక్క తరువాత తెలుగు లిపిలో భారత్ అని ఉండే ముగింపు 2011లోనే వచ్చింది. యంత్రాలకు మాత్రం ఆ పేర్లు ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాల వరుసగా మారి చేరతాయి. ఇదే ఏర్పాటును దుర్వినియోగం చేసి, ఇంగ్లిషులోని 'ఏ' అనే అక్షరానికి బదులు చూపుకు అచ్చం అలాగే ఉండే రష్యన్ లిపి అక్షరాన్ని పెట్టి పేర్లు కొనేవారు ఉన్నారు కాబట్టి, ఇంగ్లిషులో ఉండవలసిన పేరు, చిరునామా కనిపించే అడ్రస్ బారులో ఎక్స్, ఎన్ అని మొదలైతే అక్కడ ఆగిపోవాలని చెప్పింది.

రెండో సాయంత్రం చిరునామా ఎడమ చివరకు, అంటే కోలన్‌కు ముందు ఉండే మాటకు కేటాయించారు. హెచ్‌టీటీపీకీ హెచ్‌టీటీపీఎస్‌కూ ఉన్న తేడా, అంటే రెండోదానిలో మన ఫోనుకూ సైటుకూ మధ్య నడిచే మాట దారిలో ఎవరికీ అర్థం కాకుండా గుప్తంగా పోతుందన్నది, తొందరగానే ముగించారు. ఆ తరువాత ఉండే రెండు గీతల గురించి, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బర్నర్స్ లీ అవి అసలు అవసరమే లేదని 2009లో ఒప్పుకున్నాడని చెప్పినప్పుడు వెనుక వరుసలో ఒక మాస్టారు, ఇన్నేళ్లుగా ప్రపంచం చేత ఊరికే రాయించాడన్నమాట అని గొణిగారు. మొదట్లో కనిపించే మూడు డబ్ల్యూలు కూడా అలవాటుగా మిగిలినవే, అవి లేనంత మాత్రాన సైటు దొంగది కాదు.

అసలు చర్చ అడ్రస్ బారులో చిరునామా పక్కన కనిపించే తాళం బొమ్మ మీద జరిగింది. ఐ. పోలవరం వైపు చెరువులున్న ఒక రైతు, "ఆయ్, తాళం గుర్తు ఉంది కదండీ, ఇంకా భయమెందుకండీ?" అని అడిగారు. దానికి ఆమె, "ఆ గుర్తు ఉంటే మన మాట మధ్యలో ఇంకొకరు చదవలేరండీ బాబాయ్ గారూ, అంతవరకే. అవతల ఉన్నది ఎవరో, మంచివాడో చెడ్డవాడో అది చూడదండీ" అని జవాబిచ్చింది. ఇది అక్షరాలా నిజం. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు ఆ గుర్తుకు కావలసిన ధ్రువపత్రాలను ఉచితంగా, నిమిషాలలో ఇస్తున్నాయి, కాబట్టి డొమైను కొన్న మోసగాడికి కూడా తాళం దొరుకుతుంది. తాళాన్ని జనం నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే గూగుల్ తన క్రోమ్ బ్రౌజరులో 2023లో ఆ బొమ్మను తీసివేసి సెట్టింగుల గుర్తును పెట్టింది. నా దృష్టిలో అదే బ్రౌజరు 2019లో హెచ్‌టీటీపీఎస్‌నూ, మూడు డబ్ల్యూలనూ కంటికి కనబడకుండా దాచడం మాత్రం అంత మంచి నిర్ణయం కాదు. చదవడం నేర్చుకోవలసినవారికి చదవవలసినదే పూర్తిగా కనిపించకపోతే ఎలా? ఫోనులో లింకు మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే పూర్తి చిరునామా తెరుచుకోకుండానే కనిపిస్తుందని, అడ్రస్ బారు మీద తాకితే దాచిన భాగం బయటకు వస్తుందని ఇక్కడ అందరి చేతా చేయించారు.

కోలన్‌కు ముందు హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఉంటుందనుకునేవారికి ఆ సాయంత్రం దొరికిన మంచి సంగతి యూపీఐది. టీ కొట్టు దగ్గర, కిళ్లీ కొట్టు దగ్గర అతికించి ఉండే క్యూఆర్ చతురస్రంలో ఉన్నది కూడా ఒక చిరునామాయే, కాకపోతే అది యూపీఐ అనే మాటతో మొదలవుతుంది. రెండు గీతల తరువాత పే అని, ప్రశ్న గుర్తు తరువాత పీఏ అంటే డబ్బు చేరవలసిన ఐడీ, పీఎన్ అంటే పేరు, ఏఎం అంటే మొత్తం, సీయూ అంటే కరెన్సీ అని వరుసగా ఉంటాయి. ఇందులో పీఎన్ అన్నది క్యూఆర్ తయారు చేసినవారు రాసుకున్న పేరే తప్ప బ్యాంకు చెప్పిన పేరు కాదు. అందుకే డబ్బు పంపే ముందు యాప్ బ్యాంకు ఖాతాలో నమోదైన పేరునే చూపాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 జూన్ 30 నుంచి నిబంధన పెట్టింది. క్యూఆర్‌ను మామూలు కెమెరాతో చదివించి, బయటపడినది యూపీఐతో మొదలవుతోందా, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవుతోందా అని చూడడం ఆమె అందరి చేతా చేయించింది. డబ్బు కట్టవలసిన చోట వెబ్ పేజీ తెరుచుకుంటే అక్కడే అనుమానించాలి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి ఏ క్యూఆర్‌నూ స్కాన్ చేయనక్కరలేదు, పిన్ కొట్టనక్కరలేదు అన్న మాటను కూడా ఇదే చోట చేర్చి ఉంటే బాగుండేది.

మూడో సాయంత్రం ఒంటి గీతకు కుడి వైపున ఉన్న భాగానికి సంబంధించినది. ఇక్కడ పాఠం వివరణను వదిలి నిషేధాల వైపు మళ్లింది. అందరికీ పంచిన లామినేషను అట్ట మీద ప్రశ్న గుర్తు తరువాత ఉన్నదంతా చెరిపివేయాలని, ఎట్ గుర్తు కనిపిస్తే తెరవకూడదని, పొట్టి లింకులను ముట్టుకోకూడదని మూడు ఆజ్ఞలు ఉన్నాయి. మూడూ మంచి ఉద్దేశంతో రాసినవే, కాని మూడూ సగం తప్పులు.

ప్రశ్న గుర్తు తరువాత వచ్చే భాగం సైటుకు మనం పంపే వివరాల జాబితా. పేరు, సమాన గుర్తు, విలువ అనే జతలు అండ్ గుర్తుతో కలిపి ఉంటాయి. అందులో యూటీఎం అని మొదలయ్యేవి మనం ఏ ప్రకటన ద్వారా వచ్చామో లెక్కపెట్టడానికి పెట్టినవి, యూట్యూబు లింకు చివర కనిపించే ఎస్ఐ అన్నది పంచుకున్న లింకును గుర్తుపట్టడానికి పెట్టినది. ఇవి చెరిపినా పేజీ మారదు, ఇతరులకు పంపే ముందు చెరపడం మర్యాద కూడా. కాని అదే యూట్యూబులో వాచ్ అనే మాట తరువాత ప్రశ్న గుర్తు, వీ, సమాన గుర్తు అని ఉంటే, ఆ వీకి ఇచ్చిన విలువే వీడియో గుర్తింపు. అట్ట మీది ఆజ్ఞ ప్రకారం దానిని చెరిపితే వీడియో దొరకదు. దరఖాస్తు స్థితి చూసుకునే లింకు, వెతికిన ఫలితాల లింకు కూడా అలాగే పాడవుతాయి. ఏది చెరపవచ్చో, ఏది చెరపకూడదో చెప్పడానికి పది నిమిషాలు చాలు, ఆ పది నిమిషాలు వారు ఇవ్వలేదు. ఇందుకు ఎదురుగా ఉన్న ప్రమాదాన్నీ ప్రస్తావించలేదు: కొన్ని లింకుల్లో ఈ భాగంలోనే పాస్‌వర్డు మార్చుకోవడానికి తాళంచెవి లాంటి పొడవాటి అక్షరాల వరుస ఉంటుంది, అటువంటి లింకును వాట్సాప్ గ్రూపులో పెట్టడమంటే ఖాతాను గ్రూపు చేతిలో పెట్టినట్టే.

ఎట్ గుర్తు విషయమూ అంతే. రెండు గీతలకూ మొదటి ఒంటి గీతకూ మధ్య ఎట్ గుర్తు ఉంటే దానికి ఎడమ వైపున ఉన్నదంతా సైటు పేరు కాదు, లాగిన్ పేరు మాత్రమే. అసలు సైటు దానికి కుడి వైపున ఉంటుంది. బ్యాంకు పేరును ఎడమ వైపున పెట్టి, కుడి వైపున తన సైటును పెట్టే మోసం పాతదే. కాని ఒంటి గీత దాటిన తరువాత కనిపించే ఎట్ గుర్తులో ఏ మాయా లేదు, 2022 నుంచి యూట్యూబు చానళ్ల చిరునామాల్లో అది ఉంటోంది. గుర్తు ఎక్కడ ఉందన్నదే ముఖ్యమని మొదటి సాయంత్రం అంత చక్కగా నేర్పినవారు మూడో సాయంత్రం అదే సూత్రాన్ని వాడకపోవడం నాకు వింతగా తోచింది.

పొట్టి లింకుల విషయంలో వారి భయం అర్థం చేసుకోదగినదే, ఎందుకంటే వాటిని చూసి చివరకు ఎక్కడికి తీసుకుపోతాయో చెప్పలేము. 2002లో వచ్చిన టైనీయూఆర్ఎల్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో పేరు చివర కనిపించే ముక్కలు కూడా మనిషిని తికమకపెడతాయి. బిట్.ఎల్‌వైలోని ఎల్‌వై లిబియా దేశానిది, యూట్యూబు పొట్టి లింకులోని బీఈ బెల్జియంది, టెలిగ్రామ్ లింకులోని ఎంఈ మాంటెనెగ్రోది. ఆ సంస్థలకూ ఆ దేశాలకూ సంబంధమేమీ లేదు. అయితే బ్యాంకులు, విద్యుత్ సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌లలో కూడా పొట్టి లింకులు ఉంటాయి కాబట్టి పూర్తిగా ముట్టుకోవద్దంటే రోజువారీ పని ఆగిపోతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి సంస్థలు ఎస్ఎంఎస్‌లో పంపే లింకులు ముందుగా నమోదై ఉండాలి, నమోదు కాని లింకున్న సందేశాన్ని టెలికాం సంస్థలే ఆపివేయాలి. ఆ రక్షణ వాట్సాప్‌కు లేదు, పది అంకెల మామూలు నంబరు నుంచి వచ్చే సందేశానికీ లేదు. ఈ తేడాను అట్ట మీద రాసి ఉంటే భయానికి ఒక హద్దు ఏర్పడేది.

మన ప్రాంతంలో ఇప్పుడు ఎక్కువ నష్టం చేస్తున్న ఏపీకే లింకుల గురించి మాత్రం బాగానే చెప్పారు. చిరునామా చివర ఏపీకే అని ఉంటే అది చదువుకునే పేజీ కాదు, ఫోనులో చేరి కూర్చునే యాప్. చలానా కట్టమనో, పీఎం కిసాన్ వాయిదా డబ్బు కోసం వివరాలు సరిచూసుకోమనో వచ్చే సందేశాల వెనుక తరచు ఇదే ఉంటుంది. చలానాలు చూసుకునేది పరివాహన్.గవ్.ఇన్ కింద, కిసాన్ వివరాలు పీఎంకిసాన్.గవ్.ఇన్‌లో అని గుర్తుంచుకుంటే, ఏపీకే ఫైలుతో పని పడదు. అప్పటికే నొక్కి డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930కి ఫోను చేయాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు.

నన్ను అన్నిటికంటే నిరాశపరచినది తెలుగు లింకుల గురించి ఒక్క మాట కూడా లేకపోవడం. తెలుగు వికీపీడియాలో గోదావరి పేజీ తెరిచి, లింకును వాట్సాప్‌లో అతికించి చూడండి. అడ్రస్ బారులో తెలుగులో కనిపించిన పేరు కాస్తా శాతం గుర్తులు, అంకెలు, అక్షరాలతో నిండిన వికారమైన తోరణంగా మారిపోతుంది. అది వైరస్ అని భయపడి తెరవనివారిని నేను చాలామందిని చూశాను. జరిగేది చిన్న విషయమే: చిరునామాలో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కొద్దిపాటి గుర్తులు తప్ప వేరేవి నేరుగా పోకూడదన్న నియమం ఉండడం వల్ల ప్రతి తెలుగు అక్షరాన్నీ, ప్రతి గుణింతపు గుర్తునూ యూనికోడ్ ప్రకారం మూడు బైట్లుగా విడదీసి, ఒక్కో బైటును రెండు అంకెలుగానో అక్షరాలుగానో రాసి, దానికి ముందు ఒక శాతం గుర్తు పెడతారు. ఒక్కో గుర్తుకు అలా తొమ్మిది అక్షరాలు అవుతాయి. గోదావరి అన్న మాటలో గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి అని ఏడు గుర్తులు ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క మాట 63 అక్షరాలకు సాగుతుంది. తెలుగు అక్షరమేదైనా ఈ రాతలో శాతం గుర్తు, ఇంగ్లిషు 'ఈ' అక్షరం, సున్నా అనే వరుసతోనే మొదలై, మరో శాతం గుర్తు తరువాత బీ, సున్నా గాని బీ, ఒకటి గాని వస్తుంది. ఇంత తెలిస్తే ఆ తోరణాన్ని చూడగానే ఇది తెలుగే అని పోల్చుకోవచ్చు. సైటు పేరు ఒంటి గీతకు ఎడమ వైపున వికీపీడియా.ఆర్గ్ అని సరిగా ఉంటే చాలు, కుడి వైపున ఎంత పొడవున్నా భయం లేదు. అమలాపురంలో, తెలుగులో, తెలుగువారికి చెప్పే తరగతిలో దీనికి చోటు లేకపోవడాన్ని లోపమనే అంటాను.

మిగిలిన చిన్న సంగతులు: గీతకు కుడి వైపున పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకునే సైట్లు ఉన్నాయి, ఎడమ వైపున ఆ తేడా ఎక్కడా లెక్కకు రాదు. కోలన్ తరువాత అంకెలుగా కనిపించే పోర్టు, చివర హ్యాష్ గుర్తు తరువాత పేజీలో ఏ చోటికి దిగాలో చెప్పే ముక్క గురించి వారు రెండు ముక్కల్లో తేల్చేశారు, సామాన్య వాడకానికి అంతకు మించి అక్కరలేదు.

వసతుల మాటకొస్తే, పై అంతస్తులో ఫ్యాన్లు చాలవు, మే నెలలో వెళ్లదలచినవారు ఆలోచించుకోవాలి. ప్రొజెక్టరు బాగుంది, అట్ట మీది అక్షరాలు మాత్రం అరవై దాటినవారి కళ్లకు మరీ చిన్నవి. ప్రతివారి చేతా సొంత ఫోనులోనే చేయించడం, తప్పు చదివినా ఎవరినీ చిన్నబుచ్చకపోవడం ఆ అమ్మాయి ప్రత్యేకత. పాఠం అయిన తరువాత కూడా అనుమానం వచ్చిన లింకును సెంటరుకు తెచ్చి చూపిస్తే డబ్బు తీసుకోకుండా చదివిపెడతారు, ఈ సౌకర్యాన్ని నేను రుసుములో భాగంగానే లెక్కవేస్తున్నాను. తరగతులు సాయంత్రం ఆరింటికి మొదలై ఏడున్నరకు ముగుస్తాయి కాబట్టి రాజోలు, ముమ్మిడివరం వైపు వారికి తిరుగు బస్సు దొరుకుతుంది. మూడింటికీ వెళ్లే తీరిక లేనివారు మొదటి సాయంత్రానికి మాత్రం 100 రూపాయలు కట్టి కూర్చోవచ్చు, అడిగితే ఒప్పుకుంటారు. మూడో సాయంత్రానికి వెళ్లేవారు అట్ట మీది మూడు ఆజ్ఞలను అలాగే ఒప్పుకోకుండా, తమ ఫోనులోని రెండు మూడు అసలు లింకులను తీసుకువెళ్లి, ఇందులో ఏది చెరపవచ్చు, ఏది చెరపకూడదు అని అక్కడే అడగాలి. అడిగితే ఓపికగా చెబుతారు.